ఇంగ్లిష్ మాటకు విగ్రహవాక్యం



ఏటా ఈ సంచికలో మనం జమాఖర్చులు చూసుకుంటాం. ఎందరికి ఫీజు కట్టాం, ఎందరికి పుస్తకాలు ఇచ్చాం అని లెక్క వేసుకుంటాం. ఈ వ్యాసంలో ఆ లెక్కలు లేవు. మీ సాయంతో చదువుకుంటున్న పిల్లలు ఇంగ్లిష్ చదవడంలో ఎక్కడ ఆగిపోతున్నారో, అక్కడ ఏ పాఠం చెబితే ముందుకు కదులుతారో చెప్పాలని ఇది రాస్తున్నాను. పాఠం ఇంగ్లిష్‌ది, కానీ దాన్ని విప్పే తాళంచెవి తెలుగు వ్యాకరణంలో ఉంది. మీ ఇంట్లో పిల్లలుంటే వారితో కలిసి చదవండి.

చిక్కు ఎక్కడుంది?

మదీనాగూడ మెయిన్ రోడ్డు మీద మియాపూర్ వైపు నడిచినా, హఫీజ్‌పేట మీదుగా కొండాపూర్, హైటెక్ సిటీ వైపు వెళ్లినా అడుగడుగునా ఇంగ్లిష్ బోర్డులే. మన పిల్లలు వాటిని గడగడా చదివేస్తారు. అర్థం అడిగితేనే నోరు మెదపరు. 'వాక్', 'ఇన్', 'ఇంటర్వ్యూ' మూడూ తెలిసిన మాటలే. మూడూ కలిసి 'వాక్-ఇన్ ఇంటర్వ్యూ' అయ్యేసరికి, "నడుస్తూ ఇచ్చే ఇంటర్వ్యూనా సార్?" అని అడుగుతారు. ముందుగా అపాయింట్‌మెంట్ తీసుకోకుండా నేరుగా వెళ్లి హాజరయ్యే ఇంటర్వ్యూ అని చెబితే, "ఆ మాట అందులో ఎక్కడుంది సార్?" అంటారు.

ఆ ప్రశ్న సరైనదే. అర్థంలో సగం ఆ మాటల్లో ఎక్కడా కనిపించదు. రెండు మాటల్ని పక్కపక్కన పెట్టి, వాటి మధ్య సంబంధాన్ని దాచేయడం ఇంగ్లిష్‌కు బాగా అలవాటు. డిక్షనరీలో రెండు మాటలకూ వేర్వేరుగా అర్థాలు దొరుకుతాయి. మధ్యనున్న సంబంధాన్ని మాత్రం చదివేవాడే పట్టుకోవాలి.

మొదటి సూత్రం: చివరి మాటే యజమాని

మన పిల్లలు తెలుగు పరీక్షలో సమాసాలకు విగ్రహవాక్యాలు రాస్తారు. 'వంటచెరకు' అంటే వంట కొరకు చెరకు. 'దొంగభయం' అంటే దొంగ వలన భయం. సమాసంలో దాగిన 'కొరకు', 'వలన', 'యొక్క' వంటి మాటల్ని బయటికి తీసి రాయడమే విగ్రహవాక్యం. ఇది మార్కుల కోసం బట్టీ పట్టే విషయమని పిల్లలు అనుకుంటారు. నిజానికి ఇంగ్లిష్ జంటపదాల్ని విప్పడానికి ఇంతకన్నా మంచి పద్ధతి నాకు తెలియదు.

మొదట చివరి మాటను చూడాలి. ఆ వస్తువు ఏమిటో అదే చెబుతుంది. ముందున్న మాట అది ఎలాంటిదో, దేనికోసమో చెబుతుంది. 'హౌస్‌బోట్' పడవ, మనుషులు ఉండటానికి ఇల్లులా కట్టిన పడవ. 'బోట్‌హౌస్' ఇల్లు, పడవల్ని ఉంచే షెడ్డు. మాటలు అవే, వరుస మారితే వస్తువే మారిపోయింది.

తర్వాత మధ్యలో దాగిన విభక్తిని వెతకాలి. 'ఫైర్' అనే ఒక్క మాటనే తీసుకుందాం. 'ఫైర్‌వుడ్' అంటే మంట కొరకు కట్టెలు. 'ఫైర్ ఇంజిన్' అంటే మంటను ఆర్పే బండి. 'ఫైర్ యాక్సిడెంట్' అంటే మంట వలన జరిగిన ప్రమాదం. 'ఫైర్‌వాల్' అంటే మంట అవతలికి పాకకుండా ఆపే గోడ. కంప్యూటర్ వారు ఈ చివరి మాటను భవనాలు కట్టేవారి దగ్గర తీసుకున్నారు. ఒక భవనంలో లేచిన మంట పక్కదానికి అంటుకోకుండా కట్టే గోడకు అది పేరు. కంప్యూటర్‌లోకి హాని చొరబడకుండా ఆపేదానికి కూడా ఆ పేరే పెట్టారు. నాలుగు మాటల్లోనూ నిప్పు ఒకటే, విభక్తులు వేరు. 'ఫైర్ అంటే నిప్పు' అని ఒక్క అర్థం నేర్చుకున్న విద్యార్థి నాలుగు చోట్లా తడబడతాడు. "దేనికి? దేనివల్ల? దేని నుంచి?" అని అడగడం నేర్చుకున్నవాడు అయిదో మాటను తనే విప్పుకుంటాడు.

మన వీధిలో హార్డ్‌వేర్ షాపులో మేకులు, గొళ్లేలు అమ్ముతారు. నాలుగు కిలోమీటర్ల అవతల హార్డ్‌వేర్ ఇంజినీరు కంప్యూటర్ భాగాలతో పని చేస్తాడు. రెండు చోట్లా మాట ఒకటే ఎందుకైంది? 'వేర్' అంటే సరుకు. హార్డ్‌వేర్ అంటే గట్టి సరుకు, ఇనుప సామాను. కంప్యూటర్ యంత్రాన్ని గట్టి సరుకు అన్నాక, చేతికి తగలని ఆదేశాలకు మెత్తని సరుకు అనే అర్థంలో 'సాఫ్ట్‌వేర్' అన్నారు. అమెరికా గణితవేత్త జాన్ టుకీ 1958లో రాసిన ఒక వ్యాసంలో ఈ మాట ఆ అర్థంతో అచ్చయింది.

ఒక్కోసారి ఒకే జంటకు రెండు విగ్రహవాక్యాలు కుదురుతాయి. 'ఇంగ్లిష్ టీచర్' అంటే ఇంగ్లిష్ బోధించే టీచరు కావచ్చు, ఇంగ్లండు దేశపు టీచరూ కావచ్చు. అప్పుడు సందర్భాన్ని చూసి తేల్చుకోవాలి.

ఉర్దూ ఇంటి పిల్లలకు ఒక హెచ్చరిక

మన పిల్లల్లో చాలామందికి ఇంట్లో ఉర్దూ, వీధిలో తెలుగు, బడిలో ఇంగ్లిష్. మూడు భాషలు చెవిన పడటం వరమే. కానీ అరబ్బీ, ఫారసీల నుంచి ఉర్దూలోకి వచ్చిన జంటపదాల్లో యజమాని మొదట ఉంటాడు. 'ఈద్-ఉల్-ఫిత్ర్' పండుగ, ఉపవాసాల విరమణ పండుగ. 'బైతుల్ మాల్' అంటే ధనం యొక్క ఇల్లు, ఖజానా. పాతబస్తీలోని దారుల్‌షిఫాలో 'దార్' అంటే ఇల్లు, 'షిఫా' అంటే స్వస్థత. కుతుబ్‌షాహీల కాలంలో అక్కడ నడిచిన వైద్యాలయం వల్ల ఆ పేటకు ఆ పేరు వచ్చింది.

ఇంగ్లిష్ దీనికి ఎదురు. 'హెల్త్ సెంటర్'లో సెంటర్ చివర ఉంది. తెలుగూ అంతే. 'వైద్యశాల'లో శాల చివర ఉంది. అందుకే ఉర్దూ మాట్లాడే పిల్లవాడికి ఇంగ్లిష్ జంటపదం తికమకగా ఉంటే, ముందు దాన్ని తెలుగు వరుసలో ఆలోచించమని చెప్పండి. తెలుగు, ఇంగ్లిష్ ఎంతో దూరపు భాషలైనా ఈ ఒక్క విషయంలో ఒకే దారిన నడుస్తాయి. తెలుగు బాగా నేర్చుకుంటే ఇంగ్లిష్ పాడవుతుందని భయపడే తల్లిదండ్రులు ఈ సంగతి గమనించాలి.

మన ఊళ్ల పేర్లలో పాఠం

తెలుగు వ్యాకరణంలో పేర్లకు కూడా ఒక సమాసం ఉంది. గంగానది అంటే 'గంగ అను పేరు గల నది'. దీన్ని సంభావనా పూర్వపద కర్మధారయం అంటారు. పేరు పొడవుగా ఉంది కదా అని పిల్లలు భయపడతారు కానీ, మన చుట్టుపక్కల ఊళ్లన్నీ ఇందులో ఇమిడిపోతాయి.

హఫీజ్‌పేట అంటే హఫీజ్ అను పేరు గల పేట. 'హఫీజ్' అరబ్బీ మాట, కాపాడేవాడు అని అర్థం. 'పేట' మన మాట. కొండాపూర్‌లో కొండ తెలుగు, పురం సంస్కృతం. గచ్చిబౌలిలో గచ్చు అంటే సున్నపు పూత, బౌలి అంటే మెట్లబావి. గచ్చు పూసిన బావి అన్నమాట. ఈ రోజు అక్కడ అద్దాల మేడలు చూసేవారికి ఆ పేరులో ఒక బావి ఉందని తట్టదు.

ఇక మన మదీనాగూడ. 'మదీనా' అంటే అరబ్బీలో నగరం. యస్రిబ్ అనే ఊరు ప్రవక్త వలస వచ్చాక 'మదీనతున్నబీ', అంటే ప్రవక్త నగరం అయింది. వాడుకలో మొదటి మాట ఒక్కటే మిగిలి మదీనా అయింది. ఇక్కడా యజమాని మొదటే ఉన్నాడు చూడండి. 'గూడ' అంటే చిన్న పల్లె. మాటలుగా విడదీస్తే మన ఊరి పేరులో ఒక నగరమూ ఒక పల్లే పక్కపక్కన కూర్చున్నాయి. ఇప్పటి మన రోడ్డును చూసిన వారెవరూ ఆ పేరు తప్పనరు.

'ఆబాద్' ఫారసీ మాట. జనం నివసించేది, కళకళలాడేది అని అర్థం. 'హైదర్' అంటే సింహం, హజ్రత్ అలీ బిరుదు. మహమ్మద్ కులీ కుతుబ్ షా 1591లో హైదరాబాద్ నగరానికి పునాది వేశాడు. మూడో నిజాం సికందర్ జా పేరుతో 1806లో సికింద్రాబాద్ అయింది. వీటి వరుసలోనే మన కాలంలో సైబరాబాద్ పుట్టింది. 'సైబర్' ఎక్కడిది? ఓడ చుక్కాని పట్టేవాడిని ప్రాచీన గ్రీకులు 'కుబెర్నేటెస్' అనేవారు. నియంత్రణ, సమాచారాల శాస్త్రానికి నోర్బర్ట్ వీనర్ 1948లో ఆ మాట నుంచి 'సైబర్నెటిక్స్' అని పేరు పెట్టాడు. దాన్ని కత్తిరించగా మిగిలింది సైబర్. గ్రీకు తల, ఫారసీ తోక కలిసిన సైబరాబాద్‌ను అక్షరాలా విప్పితే 'చుక్కాని పట్టేవాడి బస్తీ' అవుతుంది.

హైటెక్ సిటీని చాలామంది 'ఉన్నత సాంకేతికత' అనే అర్థంలో తీసుకుంటారు. అసలు అది పొడి అక్షరాల పేరు. హైదరాబాద్ ఇన్ఫర్మేషన్ టెక్నాలజీ అండ్ ఇంజినీరింగ్ కన్సల్టెన్సీ సిటీ అన్నది పూర్తి పేరు. అందుకే ఇంగ్లిష్‌లో రాసేటప్పుడు 'టెక్' చివర 'హెచ్' అక్షరం రాదు. 1998 నవంబరు 22న నాటి ప్రధాని వాజ్‌పేయి అక్కడి సైబర్ టవర్స్‌ను ప్రారంభించారు.

నగరంలో ఇంకో రెండు మాటలు. 'ట్యాంక్ బండ్' అంటే పిల్లలు నీళ్ల ట్యాంకునో, యుద్ధ ట్యాంకునో ఊహిస్తారు. మన దేశపు ఇంగ్లిష్‌లో ట్యాంక్ అంటే చెరువు, బండ్ అంటే కట్ట. చెరువు యొక్క కట్ట. ఆ చెరువు హుసేన్‌సాగర్, హుసేన్ అను పేరు గల సాగరం. 'గన్‌ఫౌండ్రీ' అంటే తుపాకుల దుకాణం కాదు. ఫౌండ్రీ అంటే లోహాన్ని కరిగించి పోతపోసే చోటు. నిజాం కొలువులోని ఫ్రెంచి సేనాని రేమండ్ అక్కడ ఫిరంగులు పోతపోయించాడు. ఉర్దూలో దాన్ని 'తోప్ కా సాంచా' అంటారు. ఫిరంగి అచ్చు అని అర్థం.

రెండో సూత్రం: విప్పలేని మాటను విప్పవద్దు

విగ్రహవాక్యం అన్నిచోట్లా పనికిరాదు. కొన్ని మాటలు రెండుగా కనిపించినా వాటి అర్థం ఆ రెండింటిలోనూ ఉండదు.

కొండాపూర్ మాల్‌కు వెళ్లిన మన పిల్లలకు ఎదురయ్యే మాట 'హ్యాంబర్గర్'. 'హ్యామ్' అంటే పంది మాంసమని సైన్సు టీచరు చెప్పింది గుర్తొచ్చి ఆగిపోతారు. ఆ మాటను అలా విరవకూడదు. జర్మనీలో హ్యాంబర్గ్ అనే ఊరుంది. ఆ ఊరి పేరు మీద వచ్చిందే హ్యాంబర్గర్. కానీ పేరులో పంది మాంసం లేదని తేలినంత మాత్రాన లోపల పెట్టిన మాంసం హలాల్ అని తేలదు. దాన్ని కొట్టువాడిని అడిగే తెలుసుకోవాలి. 'స్వీట్‌మీట్' అంటే మిఠాయి, అందులో మాంసం ఉండదు. పాత ఇంగ్లిష్‌లో 'మీట్' అంటే ఆహారం ఏదైనా సరే. 'స్వీట్‌బ్రెడ్' మాత్రం రొట్టె కాదు, జంతువు గ్రంథుల మాంసం. వరుసలో అన్నలా కనిపించే మాట అర్థంలో తమ్ముడు కాదు. 'లేడీస్ ఫింగర్' బెండకాయ, 'ఎగ్‌ప్లాంట్' వంకాయ, 'బాంబే డక్' చేప. విమానంలోని 'బ్లాక్ బాక్స్' నారింజ రంగులో ఉంటుంది, ప్రమాదం జరిగాక సులువుగా కంటపడాలని.

ఇంకొన్ని మాటల్లో మనుషుల పేర్లు దాగి ఉంటాయి. సెల్‌ఫోన్‌లోని 'బ్లూటూత్'ను నీలిపన్ను అని విప్పితే ఏమీ తెలియదు. పదో శతాబ్దపు డెన్మార్క్ రాజు హెరాల్డ్‌కు ఆ బిరుదు ఉండేది. విడిపోయిన తెగల్ని ఆయన ఏకం చేశాడని, పరికరాల్ని కలిపే పద్ధతికి ఆ పేరు పెట్టారు.

మన కారిడార్‌లో కోచింగ్ సెంటర్ల బోర్డుల మీద రోజూ కనిపించే 'ఆల్గోరిథమ్'లో ఉన్నది కూడా ఒక మనిషే. తొమ్మిదో శతాబ్దంలో బాగ్దాద్‌లో పనిచేసిన గణితవేత్త అల్-ఖ్వారిజ్మీ. ఖ్వారిజ్మ్ ఆయన ప్రాంతం పేరు. మనం హైదరాబాదీ అన్నట్టే ఆయన ఖ్వారిజ్మీ. లాటిన్‌లో రాసేవారి చేతిలో ఆ పేరు 'అల్గోరిత్మీ' అయింది. 'ఆల్జీబ్రా' కూడా ఆయన గ్రంథం పేరులోని 'అల్-జబ్ర్' నుంచి వచ్చిందే. ఆయన మన దేశపు అంకెల లెక్కల గురించి కూడా పుస్తకం రాశాడు. ఆ పుస్తకం లాటిన్‌లోకి వెళ్లింది. ఐరోపా వారు తమకు అరబ్బుల ద్వారా అందాయి కాబట్టి వాటిని 'అరబిక్ న్యూమరల్స్' అన్నారు. అరబ్బులేమో వాటిని హిందీ అంకెలు, అంటే హింద్ దేశపు అంకెలు అన్నారు. ఇచ్చినవారి పేరు చెప్పడం అరబ్బుల పద్ధతి అయింది. 'అరబిక్ న్యూమరల్స్' అనే జంటలో ముందు మాట పుట్టిన చోటును చెప్పడం లేదు, తెచ్చినవారిని చెబుతోంది.

అందుకే తరగతిలో రెండో సూత్రం ఇది. విప్పినప్పుడు వచ్చిన అర్థం సందర్భానికి కుదరకపోతే ఊహించవద్దు. జంటను జంటగానే డిక్షనరీలో చూడాలి, లేదా తెలిసినవారిని అడగాలి.

అర్థం తెలియకపోతే ఖరీదెంత?

బెండకాయ పేరు తెలియకపోతే నవ్వి ఊరుకోవచ్చు. దరఖాస్తు ఫారాల దగ్గర అలా కుదరదు.

'మైనారిటీ స్కాలర్‌షిప్' అంటే మైనారిటీల కొరకు స్కాలర్‌షిప్. మైనర్ పిల్లలకు ఇచ్చేదనుకుని, పద్దెనిమిదేళ్లు నిండాయి కదా అని దరఖాస్తు చేయకుండా మానుకున్నవారు ఉన్నారు. 'పోస్ట్-మెట్రిక్'లో పోస్ట్ తపాలా కాదు, 'తర్వాత' అని అర్థం. మెట్రిక్ అంటే మెట్రిక్యులేషన్, పదో తరగతి. ఇంటర్ నుంచి పైచదువులకు అన్నమాట. 'రెసిడెన్షియల్ స్కూల్' పిల్లలు అక్కడే ఉండి చదివే బడి. 'రెసిడెన్స్ సర్టిఫికెట్' మనం ఎక్కడ నివసిస్తున్నామో చూపే పత్రం. హాస్టల్లో ఉండనివారికి ఈ రెండోదాని అవసరం లేదనుకోకూడదు.

'ఫీజు రీయింబర్స్‌మెంట్'ను చాలా ఇళ్లలో ఫీజు మాఫీ అనుకుంటారు. 'రీ' అంటే తిరిగి. మిగతా మాటలో లాటిన్‌లో డబ్బు సంచి అనే అర్థమున్న 'బుర్సా' దాగి ఉంది. తిరిగి సంచిలో వేయడం. అంటే డబ్బు తర్వాత వస్తుంది. ఈ 'తర్వాత' ముందే తెలిసిన కుటుంబం మధ్యకాలపు ఖర్చుకు జూన్‌లోనే మనలాంటి సంఘం తలుపు తడుతుంది. తెలియని కుటుంబం పరీక్షల ముందు హాల్‌టికెట్ ఆగిందని పరుగెత్తుకొస్తుంది.

ఉద్యోగాల దగ్గరా అంతే. 'కాస్ట్ టు కంపెనీ'లో యజమాని 'కాస్ట్'. కంపెనీకి అయ్యే ఖర్చు. చేతికి వచ్చేది 'టేక్-హోమ్', అది దానికన్నా తక్కువే ఉంటుంది. పెద్ద అంకె చూసి ఇల్లు మారి, అద్దె కట్టలేక ఇబ్బంది పడకూడదు. 'బ్యాక్‌డోర్ జాబ్' అని మన ప్రాంతంలో బాహాటంగా వినిపించే మాటకు విగ్రహవాక్యం 'దొడ్డిదారిన పొందే ఉద్యోగం'. తెలుగులో చెప్పగానే దాని రంగు బయటపడుతుంది. ఉద్యోగం ఇస్తామని ముందు డబ్బు అడిగినచోట, తల్లి నగలు తాకట్టు పెట్టకముందే ఆ విగ్రహవాక్యం రాసి చూడమనండి.

అన్నిటికన్నా ప్రమాదకరమైనది 'డిజిటల్ అరెస్ట్'. పోలీసులమనో, మరో శాఖవారమనో వీడియో కాల్‌లో బెదిరించి, గదిలోంచి కదలనీయకుండా డబ్బు లాగుతారు. మొదటి సూత్రం ప్రకారం చివరి మాట 'అరెస్ట్' కాబట్టి ఇది ఒక రకం అరెస్టు కావాలి. చదువుకున్నవారు కూడా అందుకే భయపడుతున్నారు. కానీ మన చట్టంలో డిజిటల్ అరెస్ట్ అనేది లేనే లేదు. ప్రధానమంత్రి 2024 అక్టోబరు 27న రేడియో ప్రసంగంలో కూడా ఈ మాట స్పష్టం చేశారు. ఇది మోసగాళ్లు తయారుచేసిన జంటపదం. అలాంటి ఫోన్ వస్తే పెట్టేసి 1930 నంబరుకు చెప్పాలి. ఇంట్లో వయసు మళ్లినవారికి ఈ ఒక్క విషయమైనా చదివి వినిపించండి.

మన పేర్లే జంటపదాలు

చివరగా, మనకు అన్నిటికన్నా దగ్గరి మాట మన పేరు.

'అబ్దుల్ రహ్మాన్' ఒక సమాసం. 'అబ్ద్' అంటే దాసుడు, 'అర్-రహ్మాన్' అంటే అనంత కరుణామయుడు. కరుణామయుని దాసుడు అని విగ్రహవాక్యం. ఇంగ్లిష్ ఫారం ఈ పేరును ఫస్ట్ నేమ్, మిడిల్ నేమ్, లాస్ట్ నేమ్ అనే గళ్లలోకి విరుస్తుంది. 'మహమ్మద్' ఒక గడిలో, 'అబ్దుల్' ఒక గడిలో, 'రహ్మాన్' ఒక గడిలో. ఆ తర్వాత ఆఫీసులో అందరూ ఆ అబ్బాయిని అబ్దుల్ అని పిలుస్తారు. అంటే 'యొక్క దాసుడు' అని, సగం వాక్యంతో. ఎవరి దాసుడో ఆ మాటను గడి మింగేసింది. నూరున్నిసా అంటే స్త్రీలలో వెలుగు. ఆ పేరును 'నూర్' ఒక గడిలో, 'ఉన్నిసా' ఒక గడిలో రాస్తే అర్థమూ పోయింది, అమ్మాయి పేరూ రెండైంది.

ఇది కేవలం గౌరవానికి సంబంధించిన విషయమైతే ఇంతగా చెప్పను. ఒక పత్రంలో మహమ్మద్ అని పూర్తిగా, ఇంకోదానిలో 'ఎం.డి.' అని పొడి అక్షరాల్లో ఉంటుంది. ఒకచోట షేక్, ఇంకోచోట 'ఎస్.కె.'. ఒకచోట అబ్దుల్ రహ్మాన్ కలిపి, ఇంకోచోట విడదీసి. మనిషి చూస్తే ఇద్దరూ ఒకరేనని తెలుస్తుంది. కంప్యూటర్ అక్షరాల్ని పోల్చుతుంది. ఆధార్, బ్యాంకు పాస్‌బుక్, పదో తరగతి మెమోలలో పేరు ఒకేలా లేకపోతే మంజూరైన స్కాలర్‌షిప్ కూడా ఖాతాలో పడకుండా ఆగిపోతుంది. పదో తరగతి మెమోలోని పేరునే ఆ తర్వాతి చదువులకూ ఉద్యోగాలకూ ఆధారంగా చూస్తారు. ఆ మెమోలోకి పేరు వచ్చేది బడిలో తయారుచేసే నామినల్ రోల్స్ నుంచి. కాబట్టి సరిదిద్దుకోవలసిన సమయం తొమ్మిదో తరగతి. మెమో చేతికి వచ్చాక దిద్దించుకోవడానికి తండ్రి కూలి పని మానుకుని ఎన్ని రోజులు తిరగాలో తిరిగినవారికే తెలుసు.

దాతలకు మనవి

మీలో చాలామంది ఈ కారిడార్‌లోనే ఉద్యోగాలు, వ్యాపారాలు చేస్తున్నారు. నేను ఇంతసేపు విప్పిన మాటలు మీకు రోజూ వాడుకలో ఉన్నవే. అందుకే మీ చందాతో పాటు మూడు చిన్న పనులు అడుగుతున్నాను.

మొదటిది, మన సంఘం సాయంతో చదివే ప్రతి విద్యార్థికి ఇంగ్లిష్-తెలుగు డిక్షనరీ ఒకటి ఇద్దాం. ఉర్దూ మీడియం పిల్లలకు ఇంగ్లిష్-ఉర్దూది ఇద్దాం. నోటుపుస్తకాలు ఏడాదికి అయిపోతాయి, డిక్షనరీ ఆ ఇంట్లో తమ్ముళ్లకూ చెల్లెళ్లకూ మిగులుతుంది.

రెండోది, నెలకు ఒక ఆదివారం గంటసేపు పిల్లల దగ్గర కూర్చోండి. పాఠం చెప్పనక్కర్లేదు. ఒక స్కాలర్‌షిప్ ఫారమో, ఒక ఆఫర్ లెటరో ముందు పెట్టి, అందులోని జంటపదాలకు వారి చేతే తెలుగులో విగ్రహవాక్యాలు రాయించండి. తప్పు రాస్తే దిద్దండి.

మూడోది, ఈ ఏడు తొమ్మిదో తరగతిలో ఉన్న మన పిల్లల జాబితా సంఘం దగ్గర ఉంది. తల్లిదండ్రుల్ని పిలిచి, బడి రిజిస్టరు నకలు, ఆధార్, పాస్‌బుక్ ఒకచోట పెట్టి పేర్లు సరిచూద్దాం. అక్షరం తేడా ఉంటే ఇప్పుడే రాసిపెట్టుకుని, నామినల్ రోల్స్ వెళ్లకముందే దిద్దిద్దాం. దీనికి డబ్బు ఖర్చు ఏమీ లేదు. ఇంగ్లిష్ చదవగలిగిన నలుగురు పెద్దలు, రెండు ఆదివారాలు చాలు. రాగలవారు సంఘం కార్యాలయంలో పేరు ఇవ్వండి.